గుహలోకి తిరిగొచ్చిన నీళ్ళు

తెల్లవారుజామున పంపుహౌసులో పెద్ద మోటారు అందుకోగానే మా గిన్నెల అలమర సన్నగా అదిరేది. ఆ అదురుకే లేచి టీనీళ్ళు పెట్టేదాన్ని. రాత్రి డ్యూటీ దిగి మా ఆయన వచ్చేసరికి టీ తయారుగా ఉండేది. ఇప్పుడు గిన్నెలు కదలవు. ఎండ ముఖాన పడ్డాక లేచి, ఒక్క గ్లాసుకే నీళ్ళు పెడుతున్నాను.

ఆయన కాగితం మిల్లుకు నీళ్ళు తోడే మనిషి. కొండ కింద లోతు బావులు, వాటి మీద మోటార్లు. ఆ మోత పక్కన బతికి చెవులు మొద్దుబారాయి, గొంతు పెరిగింది. గుట్టుగా చెప్పాల్సిన మాట కూడా వీధి వీధంతా వినేది. మీ ఇల్లుండగా మాకు రేడియో ఎందుకని పొరుగావిడ వేళాకోళం చేసేది. అలాంటి మనిషి ఒకే ఒక్క మాట దాచాడు.

కొండలో ఒక గుహ ఉంది. మిల్లు వచ్చాక పుట్టినవాళ్ళం కాబట్టి మేమెవరమూ అందులో నీటిచుక్క చూడలేదు. ఆయన చెల్లెలు అక్కడ పుట్టగొడుగులు పెంచేది. చోటు చూపించింది ఆయనే. నేలకు అరచెయ్యి ఆనించి, తడి అంటితే నన్నడుగు, పూచీ నాది అన్నాడట. ఆ మాట పట్టుకుని ఆమె గడ్డి సంచులు వరసలుగా పేర్చింది. అందరూ మేడలు కడుతుంటే ఈవిడ గుహలో కాపురం పెట్టిందని జనం నవ్వితే తనూ నవ్వేది.

మిల్లు మూతపడింది. ఆఖరి మోటారు ఆపింది మా ఆయనే. ఆ వారంలోనే, ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసిన ముసలాయన దారిలో ఆయన్ని ఆపాడు.

"మీ మోటార్లే కదయ్యా ఇన్నాళ్ళూ కొండ కింద నీళ్ళను అణిచిపెట్టింది. ఇక పైకి లేస్తాయి చూడు. చిన్నప్పుడు మేం ఆ గుహలో ఈతలు కొట్టాం. గని కూడా నిండుతుంది."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. గుహ పొడిగా ఉండడం గుహ గుణం కాదు, తన మోటార్ల చలవ. పూచీ పడింది తను. చెల్లెలు అప్పుడే కొత్త సంచులు పెట్టింది.

ఆయన చెప్పలేదు. రోజూ నడకకని వెళ్ళి, గుహ చివరి గుంటలోకి పొడుగాటి పుల్ల దించి చూసేవాడు. మొదట్లో పుల్ల పొడిగా వచ్చేది. కొన్నాళ్ళకు కొస తడిసింది. నీళ్ళు అక్కడితో ఆగుతాయేమోనన్న ఆశ. రేపు చెబుదాం, ఈ కోత అయ్యాక చెబుదాం. చెల్లెలు భోజనానికి వస్తే కూరలో ఉప్పు సంగతి మాట్లాడి లేచిపోయేవాడు.

వానలు లేని రోజుల్లోనే గుహలోకి నీళ్ళు వచ్చాయి. సంచులన్నీ తేలాయి. కొండకు అవతల, ఎప్పుడో మూసేసిన గని నోట్లోంచి తుప్పు రంగు నీళ్ళు పొర్లి వాగులో కలిశాయి. రాళ్ళు కూడా ఎర్రబడ్డాయి. చెల్లెలు నడుం దాకా తడిసి మా గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా నేనెన్నడూ వినలేదు.

ఆమె మళ్ళీ రాలేదు. ఆయన వీధిలోకి వెళ్ళడం మానేసి పెరటిదారి పట్టాడు. పట్టిన దగ్గు వదల్లేదు. ఆసుపత్రి మంచం మీద నాకు ఇదంతా చెప్పాడు, పుల్ల సంగతితో సహా.

"దానికి చెప్పకు. పోయాక కూడా సిగ్గే కదే" అన్నాడు.

ఆయన పోయిన రోజు చెల్లెలు గోడ పక్కన నిలబడి చూసి వెళ్ళిపోయింది, గడప దాటలేదు. ఆయన సిగ్గు నాకు మిగిలింది. ఆయన్ని ఎవరైనా మంచివాడంటే తలెత్తలేకపోయేదాన్ని.

మొన్న ఆమె వచ్చింది. గని నీళ్ళు నిలబెట్టి తేరుకోనిచ్చే మడుగులు తవ్వుతున్నారు, అక్కడ కూలికి పోతోంది. బూట్లనిండా ఎర్ర బురద. అలాగే లోపలికొచ్చి అన్న కుర్చీలో కూలబడింది. టీ ఇచ్చాను. గ్లాసు వంకే చూస్తూ మొదలుపెట్టింది.

"లేనిపోని అనుమానంతో ఆఖరి చూపుకి కూడా లోపలికి రాలేదు వదినా. సిగ్గుతో చచ్చిపోతున్నా. పాపం, అన్నయ్యకు తెలీదు కదూ?"

అవునంటే ఆయన మాట నిలబడుతుంది. కానీ ఆయన సిగ్గు ఈ పిల్ల మోస్తుంది.

"తెలుసమ్మా. రోజూ పుల్ల దించి చూసుకునేవాడు. నీకు చెప్పడానికి ముఖం చెల్లలేదు."

ఆమె ఒక గుక్క టీ తాగింది.

"నడక ఒంటికి మంచిదని చెప్పి, గుహ దగ్గర రోజూ నేనే తాగడానికి నీళ్ళిచ్చేదాన్ని వదినా" అంది చివరికి. టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానని గానీ రానని గానీ అనలేదు.

గడప నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి గడప దాకా ఎర్రటి అడుగులు. సాయంత్రం పొరుగావిడ వస్తుంది, ఏమిటివని అడక్క మానదు. బకెట్టులో నీళ్ళు పట్టి గుడ్డ ముంచి పిండాను. మొదటి అడుగు దగ్గర వంగాను. తుడవకుండానే గుడ్డ మళ్ళీ బకెట్టులో వేసి, బకెట్టు పెరట్లో పెట్టి వచ్చాను.