మూడుగుంజల వాళ్ళు ఎంతమంది?

నిన్న మధ్యాహ్నం సోలాపూర్ నుంచి ఒక పెళ్ళిపత్రిక వచ్చింది. నాలుగు మూలలా పసుపు పూసి ఉంది. పైన చేతిరాతతో "మన పాలోళ్ళకు మొదటి పత్రిక" అని రాశారు. పాలోళ్ళంటే ఒకే ఇంటిపేరు కలవాళ్ళు, పుట్టుకకూ చావుకూ పక్కన నిలబడవలసిన వాళ్ళు. మొదటి పత్రిక దేవుడి ముందు పెట్టి, రెండోది పాలోళ్ళకు ఇవ్వడం ఆచారం. వీళ్ళు దేవుణ్ణి కూడా పక్కకు జరిపి మాకు పంపారు. సంతోషమే. కాని లోపల పెద్దల పేర్ల దగ్గర మా తమ్ముడి పేరు ముందు, నా పేరు తరువాత అచ్చువేశారు. నేను వాడికంటే నాలుగేళ్ళు పెద్ద. ఈ సంగతి సోలాపూర్ వాళ్ళకు తెలియదంటే నేను నమ్మను. పత్రిక చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "షురువైందా? పెండ్లికి పిలిస్తే తప్పులు దిద్దుకుంట కూసున్నవు," అన్నది.

మరిచిపోవడం నాకు చేతకాదు. మూడో తరగతిలో మా పంతులు ఇంటిపేర్లతో హాజరు పిలుస్తూ నా దగ్గరకు వచ్చేసరికి, "మూడుగుంజలూ, ఉన్నవా, పలుపు తెంపుకొని పోయినవా?" అని అడిగేవాడు. తరగతంతా నవ్వేది. ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. నేను మాత్రం ఆయనకు ఏం జవాబు చెప్పి ఉండవలసిందో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆఫీసులో చేరిన మొదటి రోజు పెద్ద గుమాస్తా నా కాగితం చూసి, "ఇది ఇంటిపేరా, కొట్టం పేరా?" అన్నాడు. ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పగలను.

పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. మొఘల్‌పురాలో మా ఇంటికి వస్తే కనబడుతుంది. గేటు లోపల రెండు, బయట గల్లీలో ఒకటి, మోకాలెత్తు రాతి గుంజలు. పశువులను కట్టేవి. తాడు రాసుకొని రాసుకొని మెడ దగ్గర నున్నగా అరిగిపోయాయి. మా పెద్దవాళ్ళది పాల వ్యాపారం. మా తాత నాటికి పదకొండు బర్రెలు ఉండేవట, గుంజలు మాత్రం మూడే. మిగిలినవాటిని కిటికీ ఊచలకూ, మంచం కోళ్ళకూ, ఒకదాన్ని పక్కింటి చాచా వాళ్ళ గేటు కడియానికీ కట్టేవారు. నాలుగో గుంజ పాతడం మా వంశంలో నిషేధం. ఎందుకంటే ఎవరూ చెప్పలేరు. మొట్టమొదటి తాత మూడు బర్రెలు తోలుకొని ఈ నగరానికి వచ్చి, గోడలు లేపకముందే గుంజలు పాతాడనీ, జనం ఆ ఇంటికి పెట్టిన గుర్తే తరువాత మనుషులకు అంటుకుందనీ మా పెద్దమ్మ చెప్పేది. ముగ్గురు అన్నదమ్ములు విడిపోయేముందు తలా ఒకటి పాతి ఒట్టు పెట్టుకున్నారని సోలాపూర్ వాళ్ళ కథ. రాయి మూడింటికే సరిపోయిందని మా నాయన, అంటే మా బాపు. నాకు బాపు మాటే నిజమనిపిస్తుంది.

ఇప్పుడు నాకు తెలిసి ఈ పేరుతో ఎనిమిది ఇళ్ళున్నాయి. మొఘల్‌పురాలో నాది, సైదాబాద్‌లో తమ్ముడిది, ఫలక్‌నుమా స్టేషన్ వెనుక మా చిన్నాయన కొడుకుది. సోలాపూర్‌లో నాలుగు. సూరత్‌లో ఒకటి, అది కూడా సోలాపూర్ నుంచి విడిపోయినదే. కొన్ని ఇంటిపేర్లకు బస్తీలు చాలవు. ఈ నగరంలోని మూడుగుంజల వాళ్ళందరికీ రెండు ఆటోలు చాలు. ఈ మాత్రం లెక్కైనా తెలిసిందంటే అది మా పెద్దమ్మ పుణ్యమే.

పెద్దమ్మ అంటే మా పెద్దనాయన భార్య. పదమూడేళ్ళకు ఈ ఇంటికి వచ్చింది. ఆమెకు ముప్పై దాటకముందే పెద్దనాయన పోయాడు. పిల్లలు లేరు. పుట్టుకతో తనది కాని పేరును ఆమె పట్టుకున్నట్టు దానితో పుట్టిన మేము ఎన్నడూ పట్టుకోలేదు. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళనూ, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళనూ, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణీ మొదట అడిగే మాట ఒకటే. "మీ ఇంటిపేరేంది బిడ్డా?" చదువుకునే రోజుల్లో నాకు తల కొట్టేసినట్టుండేది. "నీకెందుకు పెద్దమ్మా?" అంటే, "మనోళ్ళు ఇంకెవరన్న ఉన్నరేమోరా. నాకా కొడుకులు లేరు, బిడ్డలు లేరు. నేను పోతే ఎంతమంది తలమీద నీళ్ళు పోసుకుంటరు? మీరిద్దరు, మీ బాపు, మీ చిన్నాయనోళ్ళు. అంతేనా?" అనేది. ఇంటిపేరు కలిసినవాళ్ళు పోయారని వినగానే తలస్నానం చేసి మైల పట్టడం మా పద్ధతి. లోకంలో ఆమెకు ఉన్న దిగులల్లా ఆ నీళ్ళ గురించే.

ఆ దిగులుతోనే సోలాపూర్ వాళ్ళను వెతికి పట్టుకుంది. బాపు కంటి మందు కోసం ఒకసారి పెద్దాసుపత్రికి వెళ్ళి చీటీల వరుసలో కూర్చుందట. లోపలి నుంచి "మూడుగుంజల" అని కేక వినబడగానే ఇద్దరు లేచారు. ఒకరు మా పెద్దమ్మ. రెండోవాడు భార్యకు వైద్యం చేయించడానికి సోలాపూర్ నుంచి వచ్చిన, దుప్పట్లు నేసే చాదర్ల మిల్లు కార్మికుడు. వాళ్ళ తాత ఎప్పుడో కరువులో ఇల్లు వదిలి పోయాడట. పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకొని నేరుగా ఇంటికి తెచ్చి, గుంజల ముందు నిలబెట్టి, "చూస్కో. నీ పేరు గిక్కడున్నది," అన్నది. ఆయన వంగి మొదటి గుంజను తడిమి చూశాడు. బాపు మందు ఏదని అడిగితే, "మందు రేపు తెస్తతీయ్. మనిషి దొరికిండు," అన్నది.

ఇక నా పెళ్ళి సంగతి. పెళ్ళి నాలుగు రోజులుందనగా మూల చింపిన కార్డు వచ్చింది. మూల చింపి ఉంటే చావు కబురని చదువు రానివాళ్ళకు కూడా తెలుస్తుంది. సోలాపూరాయన తండ్రి, మాలో ఎవరూ కంటితో చూడని ముసలాయన, పోయాడు. బాపు గేటు దగ్గరే చదివి, నా వైపు ఒకసారి చూసి, కార్డు బనీను జేబులో పెట్టుకున్నాడు. వినేదాకా మైల లేదు. కాబట్టి పెళ్ళయ్యాక విందామని మా ఇద్దరి మధ్య మాట లేకుండానే ఒప్పందం కుదిరింది. కాని బనీను జేబు చిన్నది, కార్డు పెద్దది. పెద్దమ్మ పాలు పితికి లేస్తూ, "మరిదీ, ఆ మూల తెగిన కారటేంది?" అన్నది. బాపుకు అబద్ధం రాదు. చెప్పేశాడు. ఆమె నీళ్ళ బిందె ఎత్తి మొదటి గుంజ పక్కన నిలబడి, కట్టిన చీర మీదే తలపై గుమ్మరించుకుంది. నా పెళ్ళి అక్కడ ఆగింది.

అయ్యగారిని పిలిచారు. ఆయన, "ఏడు తరాలు దాటితే ఒక్క స్నానంతో సరి. పెళ్ళి చేసుకోవచ్చు," అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. పెద్దమ్మ తల తుడుచుకుంటూ, "ఎన్ని తరాలైనయో మీకెవలు చెప్పిన్రు అయ్యగారూ?" అన్నది. ఎవరికీ తెలియదు. "తెలువనప్పుడు దగ్గరోళ్ళు అనుకోవాలె గని దూరపోళ్ళు అనుకుంటమా? ఇయ్యాల మనం వాళ్ళకు మైల పట్టకపోతే, రేపు మనకెవరు పడ్తరు?" అయ్యగారు పంచాంగం మూశాడు. ముహూర్తం నెల దాటి వెళ్ళింది. ఆడపెళ్ళివారి తరఫున మా ఆవిడ మేనమామ వచ్చి వాకిట్లో నిలబడి, "ఎవడో సోలాపూర్ల సస్తే ఈడ పెండ్లి ఆగుడేంది? మా పిల్లను గూడ గుంజకు కట్టేస్తరా ఏంది?" అని గల్లీ అంతా వినేటట్టు లొల్లి చేశాడు. పక్కింటి చాచా తన గేటు దగ్గర నుంచి, "జర ఆగు భాయ్. షాదీ ఒక నెల ఆగుతది. పోయినోడు ఆగుతడా?" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు ఎంత మాత్రం నచ్చలేదు.

పెద్దమ్మతో ఆ నెలంతా మాట్లాడలేదు. మధ్యలో ఆమె రెండు రోజులు ఇంట్లో కనబడలేదు. మాటలు లేవు గనక ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. పెళ్ళయ్యాక మాట కలిపాను కాని, సంగతి వదలలేదు. పెరుగు పులిసినా, వాన పడినా, పిల్లలకు మార్కులు తగ్గినా తిప్పి తిప్పి ఆ వాయిదా దగ్గరకే తెచ్చేవాణ్ణి. ముప్పై ఏళ్ళు. ఆమె నవ్వేది. "నువ్వు మర్వవు కొడుకా. మంచిదే. ఇంట్ల ఒక్కడన్న యాది పెట్టుకునేటోడు ఉండాలె," అనేది.

ఆమె చివరి సంవత్సరాల్లో పాత గేట్ల ఫోటోలు తీసుకుంటూ ఒక విదేశీ అమ్మాయి మా గల్లీకి వచ్చింది. గుంజల దగ్గర ఆగింది. పెద్దమ్మ అరుగు మీద నుంచే, "మీ ఇంటిపేరేంది బిడ్డా?" అన్నది. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. స్పెయిన్ దేశపు ఉత్తరాన కొండల్లో బాస్కు వాళ్ళని ఉన్నారట. ఆమె వాళ్ళ మనిషి. అక్కడ కూడా ఇంటికి ముందు పేరు పెడతారట, తరువాత ఆ ఇంటి పేరే మనుషులకు వస్తుందట. ఆమె పేరు తాతల నాటి కొండ మీది ఇంటిది. ఇల్లు కూలిపోయింది. ఆ పేరువాళ్ళు ఒక లోయలో కొద్దిమంది, సముద్రం దాటి అర్జెంటీనాలో కొద్దిమంది మిగిలారట. పెద్దమ్మ అంతా విని, "మరి ఆడ ఎవరన్న పోతే ఈడ నీకు కబురొస్తదా?" అని అడిగించింది. ఆ పిల్ల రాదని తల అడ్డంగా ఊపింది. పెద్దమ్మ లోపలికి వెళ్ళి గిన్నెడు పెరుగు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "పాపం, ఒక్కతే తిరుగుతున్నది," అని ఆ సాయంత్రమంతా అంటూనే ఉంది.

పెద్దమ్మ మూడేళ్ళ కింద వానకాలంలో పోయింది. మధ్యాహ్నం పెరుగన్నం తిని పడుకుంది, లేవలేదు. సోలాపూర్‌కు ఫోనులో కబురు పంపాము. వాళ్ళు చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. రెండో రోజు లేదు, మూడో రోజూ లేదు. తమ్ముడు, "ఫికర్ చెయ్యకన్నా, దూరమున్నోళ్ళు," అన్నాడు. "దూరమున్నోళ్ళని మనం అనుకున్నమా? నా పెండ్లి ఎందుకాగిందిరా?" అన్నాను. నా కోపం మొత్తం నా కోసం కాదు. నీళ్ళు పోసుకునేవాళ్ళ కోసం జీవితమంతా వరుసల్లోనూ బస్సుల్లోనూ వెతికిన మనిషి ఆమె. బాపు ముందే పోయాడు, ఆఖరుకు మేమిద్దరు అన్నదమ్ములం, ఫలక్‌నుమా వాడు, అంతే మిగిలాము. సోలాపూర్ వాళ్ళకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. తొమ్మిదో రోజుకు నాలుగు పేజీలయింది. తేదీలతో సహా ఏదీ వదలలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

పదో రోజు పొద్దున మంగలి వచ్చి గుంజల దగ్గర కత్తి నూరుకుంటున్నాడు. గల్లీలోకి ఒక వ్యాను వచ్చింది. వెనుక ఇంకొకటి. తలలు మాసిపోయి, గడ్డాలు పెరిగి, చెప్పులు లేకుండా మనుషులు దిగుతూనే ఉన్నారు. అందరికంటే ముందు ఆసుపత్రి వరుసలో దొరికిన ఆయన, ఇప్పుడు కర్ర పట్టుకొని. మగవాళ్ళే పందొమ్మిది మంది. మంగలి కత్తి కింద పెట్టి, "మూడు తలలన్నవు గదన్నా! గిదేంది, పల్టన్ దించినవు?" అన్నాడు.

నేను ఊరుకోలేదు. గేటు దగ్గరే ఆపి, "ఒక్క ఫోనన్న చెయ్యరాదా?" అని అడిగాను. ముసలాయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు. "మైలల ఉన్నోళ్ళం. ఫోన్ చేసి ఎట్లున్నరని అడుగుతమా బిడ్డా? మా నాయన పోయినప్పుడు మీకాడికెల్లి గూడ జాబు రాలే. మస్తు బాధపడ్డం. పదోనాడు పొద్దుగాల మీ పెద్దమ్మ ఒక్కతే రైలు దిగొచ్చింది. 'మైలల మాటలు వద్దు నాయనా, మనుషులు కావాలె' అన్నది. ఇంట్ల పెండ్లి ఆపి వచ్చిందని మాకు ఎన్కసిరి తెల్సింది. గా పెండ్లి నీదేనట గదా! నా మనుమలకు గూడ ఎర్క, నీ పెండ్లి ముచ్చట."

రెండు రోజులు. నేను అడగని ఆ రెండు రోజులు.

నా పక్కన మా ఆవిడ మేనమామ నిలబడి ఉన్నాడు. ఆయన కూడా ముసలివాడైపోయాడు. తన కుర్చీ తీసుకెళ్ళి సోలాపూరాయన వెనుక వేశాడు. వాకిలి చాలక చాచా కొడుకులు తమ గేటు తెరిచారు. ఒక మంగలి చాలక ఇంకో ఇద్దరిని పిలిపించారు. ఎండ నెత్తికి వచ్చేసరికి గుంజల చుట్టూ గుండ్లే గుండ్లు. సోలాపూర్ ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళూ పిల్లలూ కబురు విన్న రోజే స్నానాలు చేశారట. నేను లెక్క వేశాను. వాళ్ళూ మేమూ కలిపి నలభై ఒక్కమంది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చేతికి వచ్చింది, చెప్పడానికి ఆమె లేదు. మొదటి గుంజ పక్కన నిలబడి బిందె ఎత్తి తలపై గుమ్మరించుకున్నాను, చొక్కా విప్పకుండానే. జేబులోని నాలుగు పేజీలు ముద్దయిపోయాయి. మళ్ళీ రాయలేదు.

వచ్చే నెల సోలాపూర్ పెళ్ళికి వెళ్తున్నాము. పెద్దల వరుసలో నా పేరు రెండోది ఎందుకయిందో ముసలాయననే అడుగుతాను. ఊరికే వదలను. దారిలో పెద్దమ్మ ఒక్కతే వెళ్ళిన ఆ రైలు ప్రయాణం ఎన్ని గంటలో కూడా చూడాలి. కాలం నా పెళ్ళిని ఒక్క నెల ఆపితే ముప్పై ఏళ్ళు కొట్లాడాను. ఆ నెల ఎందుకు ఆగిందో నాకు తెలియజేయడానికి అదే కాలం ముప్పై ఏళ్ళు ఆలస్యం చేసింది. ఈ రెండో ఆలస్యం మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు.