నాలుక మీద చిటికెడు మట్టి

మా పక్కింటి టీచరుగారు పోయిన వారం కన్నుమూశారు. ఏలూరులోనే ఓ మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. కబురు అందేసరికి నేను కైకలూరులో, నా చేపల మేత దుకాణంలో ఉన్నాను. ఆవిడ ఇంటి ముందు గడ్డి మీద మా ఇద్దరికీ ఒక పందెం ఉంది. అది తేలకుండానే వెళ్లిపోయారు.

ఆ ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టేంత పచ్చిక. ఏటా తొలకరికి ముందు దాని మీద మట్టి చల్లేవారు. ఇసుక, మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి జల్లించి, పలచగా పరిచి, కొబ్బరి చీపురుతో గడ్డి మొదళ్లలోకి దులిపేవారు.

"బతికున్న గడ్డిని పూడ్చేస్తున్నారేంటండీ?" అని మొదటిసారి అడిగాను.

"పూడ్చటం కాదండీ బాబూ, దుప్పటి కప్పటం. మొహం మాత్రం కప్పకూడదు," అంటూ పైకి కనిపిస్తున్న కొనలు చూపించారు.

ఏ మట్టి వచ్చినా ముందు చిటికెడు నాలుక మీద వేసుకుని, తర్వాత ఉమ్మేసి నోరు పుక్కిలించేవారు. చూస్తే నాకు నవ్వొచ్చేది.

ఈ వేసవి చివర ఆవిడ తాడేపల్లిగూడెంలో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, సంతోషపెడదామని ఆ పని నేనే నెత్తిన వేసుకున్నాను. చెరువు మట్టి తోలితే చేలు ఎంత ఏపుగా పెరుగుతాయో మా వైపు అందరికీ తెలుసు. తెలిసినాయన చెరువు ఎండగడుతుంటే రెండు బస్తాలు తెచ్చి ఓ మూల చల్లాను. అది రొయ్యల చెరువని తెలుసు. రొయ్యల కోసం ఆ నీళ్లలో ఉప్పు కలుపుతారనీ తెలుసు, మేత అమ్మేవాణ్ణే కదా. రెండూ కలిపి ఆలోచించాలని మాత్రం తట్టలేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి ఆ మూల గడ్డంతా మాడిపోయింది.

నేను తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ వంగి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, "ఉప్పండీ! రొయ్యల చెరువుదేనా?" అన్నారు. కోపం లేదు సరికదా, కళ్లు మెరిశాయి. తిట్టినా బాగుండేదనిపించింది.

"ఎన్నాళ్లకి మొలుస్తుందో చూద్దామండీ. నాకూ తెలీదు."

పైమట్టి గోకించి తీయించారు. ఆ చోటు చుట్టూ నాలుగు పుల్లలు పాతి రోజూ నీళ్లు పట్టారు. ముందు కాలవ వైపు మొలుస్తుందని ఆవిడ, గేటు వైపని నేను. "ఏవండీ, మీ గేటు కదిలిందా?" అని గోడ మీంచి రోజూ ఎగతాళి చేసేవారు. మంచం పట్టాక కూడా కిటికీ దగ్గరికి పిలిచి అదే అడిగేవారు. ఒక్క పచ్చటి మొలక చూపించి పంపాలని నా ఆశ. చూపించలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

సమాధి కార్యక్రమం రోజు కుర్చీలన్నీ పచ్చిక మీదే వేశారు. పుల్లల మధ్య మాత్రం చెల్లెలుగారు ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు. "అక్క మరీ మరీ చెప్పిందండీ, అక్కడ తొక్కద్దని," అన్నారు.

నిన్న ఆదివారం జల్లెడ పట్టుకుని వెళ్లాను. కాలవ వైపు పుల్ల పక్కన రెండు గడ్డి పోచలు లేచి ఉన్నాయి. ఆవిడే గెలిచారు. జల్లించిన మట్టి చల్లబోతూ ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చిటికెడు నాలుక మీద వేసుకున్నాను.

చప్పగా ఉంది.

ఆ రెండు పోచల చుట్టూ పలచగా చల్లాను, మొహాలు కప్పకుండా.