గోడవార పెట్టాల్సిన పలకలు

మా ఇంటి ఎదురు షెడ్డులో రాయి కోసే మిషన్ మొదలైతే చాలు, తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి నా కంప్యూటర్ దాకా వస్తుంది. మార్కాపురంలో ఇదేం వింత కాదు. కానీ మొన్న ఆ వాసనకి నారాయణమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది, సరిగ్గా అవసరమైన వేళకి. ఒక ఆసుపత్రికి మేం రాసిన ప్రోగ్రాం నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది. వాడేసిన మెమరీని ఎప్పటికప్పుడు వదిలేస్తూనే ఉంది, అయినా అది కంప్యూటర్‌కి తిరిగి చేరక, రోజురోజుకీ నిండిపోతోంది. "రోజుకోసారి ఆపి మళ్ళీ నడుపుదాం," అన్నారు మా టీంవాళ్ళు. తలనొప్పి వస్తే తల తీసేయడమే వాళ్ళకు తెలిసిన వైద్యం. ఆపినంతసేపూ రోగులు వరుసలో నిలబడాలి. నేను ఒప్పుకోలేదు.

పెద్దమ్మ పలకల ఫ్యాక్టరీ యార్డుకి మేస్త్రీ. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఆమె కిందే. చుట్టుపక్కల బడులవాళ్ళు నిదానంగా తీసుకుపోతామన్న పలకల కట్టలను ఖాళీ కనిపించిన చోటల్లా పెట్టించాను. ఏ కట్ట ఎక్కడుందో చీటీలు రాసి వాళ్ళకు ఇచ్చేశాను కూడా. ఆ వారమే కోతకు పెద్ద బండలతో లారీ వచ్చింది.

"సగం యార్డు ఖాళీనే గదా, చోటు లేదంటారేంది?" అన్నాడు డ్రైవరు.

"ఖాళీ ఉంది నాయనా, ఒక్కచోట లేదు," అంది పెద్దమ్మ.

"కట్టలు జరిపిద్దాం పెద్దమ్మా," అన్నాను.

"చీటీలు వాళ్ళ చేతికిచ్చినావు. జరిపితే వచ్చి యాడ ఎతుక్కుంటారు? ఏదైనా దించేముందు ఎన్నాళ్ళుంటాదో అడుగు పాపా. ఉండిపోయేది గోడవార, పొయ్యేది గేటు కాడ."

లారీ వెళ్ళిపోయింది. రాయి లేక మూడు రోజులు కోత ఆగింది, కూలికొచ్చే ఆడవాళ్ళు ఉత్త చేతులతో ఇళ్ళకు పోయారు. కట్టలు అలా ఎవరు పెట్టించారని యజమాని అడిగితే నేను పెద్దమ్మ వెనక్కి జరిగాను. "నేనే పెట్టించినా," అంది పెద్దమ్మ. తిట్లన్నీ ఆమెకే పడ్డాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రోగ్రాం కూడా మెమరీని పెద్ద దిమ్మలుగా తీసుకుని లోపల ముక్కలుగా పంచుకుంటుంది. ఒక్క ముక్క మిగిలినా ఆ దిమ్మను కంప్యూటర్‌కి తిరిగి ఇవ్వడానికి లేదు. ముక్కను జరపడానికీ లేదు, దాని చిరునామా చీటీ అప్పటికే ప్రోగ్రాంలో ఇంకో భాగం చేతిలో ఉంటుంది. నేను వెతికితే అదే కనిపించింది. క్షణాల్లో పోయే పెద్ద రిపోర్టుల మధ్య, రోజుల తరబడి ఉండే లాగిన్ వివరాలు చెల్లాచెదురుగా కూర్చున్నాయి. వాటికి మొదటినుంచే వేరే చోటు ఇచ్చేలా మార్చాను. సాయంత్రానికి మెమరీ వాడకం తగ్గడం మొదలైంది.

"ఇంతకీ అలా రాసిందెవరు?" అన్నారు మేనేజరు, మర్నాటి వీడియో మీటింగులో. తెర మీద మా కొత్తమ్మాయి శిరీష ముఖం పాలిపోయింది.

"నేనే పెట్టించినా," అన్నాను. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం ఆమె యాసతో సహా వచ్చింది.