మామిడికాయ పప్పు ముట్టని బాలింత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వార్డులో ఎవరినడిగినా చెబుతారు. గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. హిందీ మంచినీళ్లు తాగినంత తేలిగ్గా మాట్లాడతాను, సంతల్లో మాట్లాడే హల్బీ భాష ఎలాగో నెట్టుకొస్తాను. కొంటా ఊరి వైపు ఒక చిన్న ఆసుపత్రికి నర్సుగా వచ్చాక, అక్కడి అడవి పల్లెల వాళ్లు మాట్లాడే గోండీ ముందు ఇవేవీ పనికిరావని తెలిసింది.

ఆ ఎండాకాలం కిష్టారం అవతలి పల్లె నుంచి ఒకామె వచ్చి ఆడపిల్లను కన్నది. పిల్ల పిడికెడంత ఉంది. తల్లికి రక్తం తక్కువ, పాలు పడలేదు. చెంచాతో పట్టిన పాలు పిల్ల కక్కేస్తోంది. తల్లి కడుపునిండా తినాలన్నారు డాక్టరు. ఆమె తింటేగా! పొద్దున టీలో బిస్కెట్లు ముంచుకుని తినేది. మధ్యాహ్నం అన్నంలో పప్పు పోసి పళ్లెం ఇస్తే ఒక్కసారి చూసి మంచం కిందికి తోసేసేది. తోడొచ్చిన అత్తకూ గోండీ ఒక్కటే వచ్చు. ఆవిడా ముట్టేది కాదు.

"తింటావా?" అని హిందీలో అడిగితే "హా" అనేది. "ఆకలి లేదా?" అంటే దానికీ "హా". గోండీ వచ్చిన మా ఆయా చెల్లెలి పెళ్లికని సెలవులో ఉంది. ఇక నేనే నాటకం మొదలుపెట్టాను. చెయ్యి నోటి దగ్గర పెట్టి, పొట్ట తట్టి, పిల్లను చూపించి, ఆవులా అరిచి పాలు పితికినట్టు కూడా చేశాను. వార్డంతా పడీ పడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పళ్లెం మాత్రం మంచం కిందే ఉంది.

రెండో రోజుకి పిల్ల ఏడుపు సన్నబడింది. రేపటికి కూడా ఇంతే అయితే ఇద్దరినీ సుక్మా పెద్దాసుపత్రికి పంపాల్సిందే అన్నారు డాక్టరు. ఆసుపత్రి వంట నచ్చలేదేమోనని, మర్నాడు ఇంట్లో మామిడికాయ పులిహోర కలిపి పట్టుకెళ్లాను. మూత తీయగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమ్మా, అంత పొగరా? నీకోసం కాకపోతే ఈ పసిదాని కోసమైనా తినొచ్చుగా!" అని పిల్లను చూపిస్తూ తెలుగులోనే అరిచేశాను.

సరిగ్గా అప్పుడే ఆయా సెలవు ముగించుకుని లోపలికొచ్చింది. అత్తాకోడళ్లతో రెండు మాటలు మాట్లాడి నెత్తి కొట్టుకుంది.

"ఏంది సిస్టరమ్మా ఇది! వాళ్ల ఊళ్లె ఇంకా మామిడి పండుగ కాలే. దేవునికి పెట్టకముందు కొత్తకాయ నోట్ల పెట్టుకుంటరా? మీరేమో పప్పుల మామిడికాయ, పులిహోరల మామిడికాయ!"

వంటగది వెనకే మామిడి చెట్టు ఉంది. కాయ దొరికినన్నాళ్లూ మా వంటామె పప్పులో వేయకుండా ఉండలేదు. విషయం తెలిసి లబలబలాడింది. "అయ్యో, నా మతి మండ! బాలింతను పస్తు పెట్టిన్నా!" అంటూ పరుగున వెళ్లి, గిన్నె మార్చి, గరిటె మార్చి, వట్టి కందిపప్పు వండి తెచ్చింది. బాలింత వాసన చూసింది. ఒక ముద్ద తింది. ఆ తర్వాత మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "అరిచినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పవే," అన్నాను ఆయాతో. బాలింత ముద్ద నములుతూనే నవ్వి ఏదో చెప్పింది.

"పిల్లకోసం తినమంటున్నరని ఆమెకు మొదటి దినమే ఎరుకంట," అంది ఆయా. "కొత్తకాయ తింటే పిల్లకేమన్న అయితదని, పిల్లకోసమే తినలేదంట."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను తెచ్చిన పులిహోర ఆయా, నేను కలిసి ఖాళీ చేశాం.

మర్నాడు పొద్దున్నే పాలు పడ్డాయి. నేను డ్యూటీకి వచ్చీ రాగానే అత్త ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని మంచం దాకా లాక్కెళ్లి, గుటకలు వేస్తున్న పిల్లను చూపించింది.