హాకీ తెలిసిన మనిషి

నా బయోడేటా చివరి పేజీలో, చివరి వరుసలో, "జిల్లా మహిళా హాకీ జట్టు సభ్యురాలు" అని ఉండేది. అనంతపురంలో కాలేజీ రోజుల్లో రెండేళ్లు ఎర్రమట్టి గ్రౌండులో ఆడిన ఆట అది. మోకాలి మీద మచ్చ తప్ప దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఉద్యోగాలిచ్చేవాళ్లెవరూ ఆ వరుస దాకా చదవరనుకునేదాన్ని. సింగపూర్‌లో మా మేనేజరు చదివాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలన్నీ తారుమారవుతాయని భయపడి, ఆ గండం గట్టెక్కించడానికి మాలాంటివాళ్లను విమానాలెక్కించి తెచ్చుకున్న కాలం. గండం గడిచింది. దాంతోపాటు మా పనీ అయిపోయింది. మొదట మా ఆయన కంపెనీలో ఆయన ఉన్న విభాగాన్నే ఎత్తేశారు. ఆ తర్వాత ఆయనా, ఆరేళ్ల మా అమ్మాయీ నా ఉద్యోగ పాస్ మీద ఆధారపడి ఉన్నవాళ్లుగా కాగితాల్లోకెక్కారు. నా పాస్ గడువు ఇంకో నెలన్నరలో ముగుస్తుంది. అది పొడిగిస్తే ముగ్గురం ఉంటాం, లేకపోతే ముగ్గురం సర్దుకోవాలి. బుకిట్ బటోక్‌లోని మా అద్దె ఫ్లాట్‌లో ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్లం కాదు. కానీ ఫ్రిజ్ మీద క్యాలెండర్ ముందు మా ఆయన అవసరం లేకుండా నిలబడడం నేను చాలాసార్లు చూశాను.

అలాంటప్పుడు వచ్చింది ఆ పని. ఎక్కడో మంచు దేశంలో ఒక ఐస్ హాకీ జట్టు. ఆటే ఉద్యోగంగా బతికే జట్టు. పేరున్న ఆటగాళ్లుండి కూడా మూడేళ్లుగా ఓడిపోతోంది. ఇంటర్నెట్ కంపెనీ పెట్టి పైకొచ్చిన ఒకాయన దాన్ని కొన్నాడు. ఏ ప్రశ్నకైనా కంప్యూటర్‌లో జవాబుంటుందని నమ్మే రకం. మూడేళ్ల ఆటల రికార్డులన్నీ పంపి, మేమెందుకు ఓడిపోతున్నామో చెప్పండి అన్నాడు. ఆ పని దక్కించుకోవడానికి మా మేనేజరు రాసిన కాగితంలో "మా బృందంలో హాకీ నిపుణురాలు ఉన్నారు" అని ఒక వాక్యం. అది నేనే.

"సార్, నేను ఆడింది మట్టి మీద. ఇది మంచు మీద," అన్నాను.

మేనేజరుది తణుకు దగ్గర. గాభరా పడేవాళ్లను చూస్తే ఆయనకు నవ్వు. "హాకీ హాకీయే కదమ్మా. కర్రుంది, గోలుంది. మరీ అంత కంగారైతే ఎలాగండీ? మనోళ్లలో ఆ మాత్రం తెలిసినోళ్లు ఇంకెవరున్నారు?"

నిజమే, ఎవరూ లేరు. మా బృందంలోని నలుగురిలో చెరకు రసం గ్లాసులో తప్ప మంచుగడ్డ చూసినవాళ్లు లేరు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, ఆయన అలా అన్నాక నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. ఎన్నో ఏళ్లుగా అక్కరకు రాని ఆట ఇప్పుడు మా ముగ్గురినీ ఇక్కడ నిలబెట్టబోతోందనుకున్నాను.

రికార్డుల్లో ఒక్కో గోలుకు ఒక్కో వరుస ఉండేది. ఏ నిమిషంలో పడింది, ఎవరు కొట్టారు, ఆ క్షణాన మంచు మీద ఏయే నంబర్ల ఆటగాళ్లున్నారు, ఇవన్నీ అందులో ఉండేవి. చివర్లో రెండక్షరాల కోడ్ ఒకటి. దాని అర్థమేమిటో ఎక్కడా రాసి లేదు. క్లబ్బు ఆఫీసుకు ఈమెయిల్ పెడితే జవాబు రాలేదు. పైగా సగం వరుసల్లో అది ఖాళీగా ఉండి ప్రోగ్రాం మాటిమాటికీ ఆగిపోతోంది. ఓ మధ్యాహ్నం విసుగొచ్చి ఆ కోడ్ ఉన్న గడిని అన్ని వరుసల్లోంచీ తీసేశాను. ఏ కోడ్‌తో పడినా గోలంటే గోలే కదా అనుకున్నాను. హాకీ ఆడినదాన్ని, ఆ మాత్రం నాకు తెలీదా?

గడి తీసేశాక లెక్క చకచకా తేలింది. జట్టు మీద గోల్స్ పడినప్పుడల్లా మంచు మీద ఎవరున్నారో చూస్తే, అందరికన్నా ఎక్కువసార్లు కనిపించింది ఇరవై ఏడో నంబరు. రెండో మనిషి అతని దరిదాపుల్లో కూడా లేడు. వయసు పైబడుతున్న ఆటగాడు, గోల్స్ కొట్టింది తక్కువ. బొమ్మ గీసి చూపిస్తే చిన్నపిల్లలకైనా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. ఎర్ర రంగులో అతని గీత ఒక్కటే నిటారుగా లేచింది. శుక్రవారం నివేదిక పంపాం.

గంటల్లోనే జవాబొచ్చింది. యజమానికి చాలా నచ్చిందట. ఆటగాళ్లను మార్చుకునే గడువు వచ్చేవారం ముగుస్తుంది కాబట్టి ఈలోపే ఇరవై ఏడో నంబరు సంగతి తేల్చేస్తారట. రెండో విడత పని కూడా మాకే ఇస్తారట, బుధవారం సంతకాలు. మేనేజరు నా బల్ల దగ్గరకొచ్చి, "సంతకాలవ్వగానే మీ పాస్ కాగితాలు పంపించేస్తానండీ," అన్నాడు. ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికి నడుస్తుంటే నా కాళ్లు నేలమీద లేవు.

ఆ సంతోషంలో శనివారం అమ్మాయిని జురాంగ్‌లో ఉన్న మంచు మైదానానికి తీసుకెళ్లాను. పెద్ద హాలు లోపల గడ్డకట్టించిన చిన్న మైదానం అది. "సో కోల్డ్ లా, అమ్మా!" అని అరుస్తూనే అది గాజు గోడకు ముక్కు ఆనించి నిలబడింది. లోపల తెల్లవాళ్ల పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని హాకీ ప్రాక్టీసు చేస్తున్నారు. నేను లెక్క కట్టిన ఆటను కళ్లతో చూడడం నాకు అదే మొదటిసారి.

కాసేపటికి ఒక కుర్రాడు ఇంకొకడి కాళ్లకు కర్ర అడ్డం పెట్టి పడేశాడు. విజిల్ పడింది. వాడు తల దించుకుని పోయి పక్కనున్న చిన్న పెట్టెలాంటి గదిలో కూర్చున్నాడు. ఆట మళ్లీ మొదలైంది. వాడి బదులు ఎవరూ రాలేదు. ఒక జట్టులో ఒకడు తక్కువ! నేను ఆడిన హాకీలో తప్పు చేస్తే అవతలివాళ్లకు ఒక ఫ్రీ హిట్ ఇచ్చేవారు, అంతే. ఆ ఎర్రమట్టి గ్రౌండులో మనిషిని తగ్గించడం మేమెప్పుడూ ఎరగం.

మంచును నున్నగా చేసే బండి నడిపే పెద్దాయన మా పక్కనే బల్ల మీద టీ తాగుతున్నాడు. మా మాటలు విని తెలుగులో పలకరించాడు. వాళ్ల తాత విజయనగరం వైపు నుంచి వచ్చాడట, ఈయన పుట్టింది ఇక్కడేనట.

"అంకుల్, ఆ అబ్బాయి బయట కూర్చున్నాడు కదా, ఇంకొకరిని ఎందుకు పంపరు?" అని అడిగాను.

"పంపకూడదమ్మా. తప్పు సేసినోడు రెండు నిమిషం చుమ్మా, ఊరికే అక్కడ కూకోవాల. టీమ్‌కి అదే శిచ్చ. అయిదుగురితో నలుగురు ఆడాల. శాన సుసా, కష్టం."

"ఆ రెండు నిమిషాలూ ఎవరిని ఆడిస్తారు?"

ఇంత తెలీని మనిషి ఉంటుందా అన్నట్టు చూశాడు. "గట్టోడినే గదా ఎడతారు! కోచ్‌కి ఎవుడిమీద నమ్మకముంటే ఆడిని. గోల్ పడీదే అప్పుడు గదమ్మా."

రెండక్షరాల కోడ్ అదే. ఎవరు ఎంతమందితో ఆడుతున్నప్పుడు గోలు పడిందో చెప్పే కోడ్. నేను తీసిపారేసింది దాన్నే. అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. "బట్ వి జస్ట్ కేమ్, అమ్మా!" అని అది దారంతా ఏడుస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున ఆఫీసుకు వెళ్లి ఆ గడిని మళ్లీ చేర్చాను. కోడ్ ఉన్న ఆటల్ని మాత్రమే తీసుకుని లెక్క కట్టాను. ఇరు జట్లూ సమానంగా ఉన్నప్పుడు ఇరవై ఏడో నంబరు మంచు మీద ఉంటే, జట్టు మొత్తంలో అతని సమయంలోనే అందరికన్నా తక్కువ గోల్స్ పడ్డాయి. అప్పటిదాకా తెరవని శిక్షల జాబితాతో కలిపి చూస్తే ఎందుకు ఓడిపోతున్నారో కూడా కనిపించింది. యజమాని ముద్దుగా తెచ్చుకున్న పెద్ద స్టార్ ఒకడున్నాడు, కోపిష్టి. కర్రతో ఎవరినో ఒకరిని కొట్టి ఆటకు రెండుమూడుసార్లు ఆ పెట్టెలో కూర్చుంటాడు. వాడు కూర్చున్న ప్రతిసారీ కోచ్ ఇరవై ఏడును పంపాడు. వాడి తప్పుకు పడిన గోల్సన్నీ నేను ఇతని ఖాతాలో వేశాను. అతనికి భార్యాపిల్లలున్నారో లేదో నాకు తెలీదు. ఉన్నారనే అనిపించింది, ఎందుకో. కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

సోమవారం మేనేజరు రాగానే అంతా చెప్పాను. ఆయన తలుపు మూసి, రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"బుధవారం సంతకాలయ్యాక చెబుదామమ్మా. ఇప్పుడు చెబితే హాకీ నిపుణురాలన్నారు, ఇదేంటని అడుగుతారు. పని పోద్ది. మీరొక్కరే కాదండీ, నలుగురూ ఇంటికే."

"ఈలోగా వాళ్లు అతన్ని తీసేస్తే?"

"గడువు శుక్రవారం కదండీ. గురువారం చెబుదాం. మూడు రోజుల్లో ఏం మునిగిపోద్ది?"

నేను ఎదురు చెప్పలేదు. గొడవపడి, అరిచి, ఓడిపోయి వచ్చాను అని రాస్తే బాగుండేది. మామూలుగా నాకు నోరెక్కువ, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం, సరే సార్ అని నా కుర్చీలోకొచ్చి కూర్చున్నాను.

రాత్రి అన్నాలప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు పప్పన్నం కెలికాడు. "మూడు దినాలేగా. ఆగితే ఏమైతుంది?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. "మీకేం, చెప్పకుండా కూర్చోవాల్సింది నేను గదా!" అని కసిరి కంచం ముందునుంచి లేచిపోయాను. నేను వినాలనుకున్న మాటే ఆయన అన్నాడు. నా కోపం దానికే. మర్నాడు పొద్దున అమ్మాయి స్కూలు బూట్లకు ఆయన తెల్లరంగు పూస్తుంటే చూడలేక ముందే బయటపడ్డాను.

మంగళవారమంతా నా చెయ్యి ఫోన్ మీదికి పోతూ వెనక్కి వస్తూ ఉంది. క్లబ్బు ఆఫీసులో మాతో మాట్లాడే ఆయన నంబరు నాకు నోటికొచ్చు. మనకు పొద్దున ఎనిమిదైతే అక్కడ ముందురోజు సాయంత్రం, ఆయన ఆఫీసులోనే ఉంటాడు. ఒక్క మాట చాలు. ఆ రోజు రెండుసార్లు తప్పుడు ఫైలు చెరిపేసి, మళ్లీ తెచ్చుకోవడానికి నానా తంటాలూ పడ్డాను. ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాను. గడువు శుక్రవారం, గడువు శుక్రవారం అని జపంలా అనుకుంటూ గడిపాను.

బుధవారం సంతకాలయ్యాయి. మేనేజరు మాట తప్పే మనిషి కాదు, సాయంత్రానికల్లా నా కాగితాల మీద ఆయన సంతకమూ పడింది. నన్నెందుకు అట్టిపెట్టుకోవాలో రాసే చోట, "క్లయింటు జట్టు వైఫల్యానికి కారణం కనిపెట్టారు" అని ఉంది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

గురువారం పొద్దున ఎనిమిదికి, మేనేజరు రాకముందే, ఫోన్ చేశాను. ముందే రాసుకున్న కాగితం చూస్తూ మొత్తం చెప్పాను. కోడ్, పెట్టె, నలుగురితో ఆడడం, పెద్ద స్టార్.

"అతన్ని నిన్న పంపించేశాం," అన్నాడాయన. వాళ్ల నిన్న అంటే మంగళవారం. "గడువు దాకా ఆగాల్సిన అవసరం కనిపించలేదు. కోచ్ ఒప్పుకోలేదు. గంటసేపు పోట్లాడాడు. ఆ మనిషి లేకపోతే ఇంకా ఎక్కువ ఓడిపోయేవాళ్లమన్నాడు. మీ కాగితం ఆయన ముందు పెట్టాం. దాన్ని చూశాక ఇంకేమీ మాట్లాడలేదు."

సారీ అన్నానేమో, గుర్తులేదు. ఆయన అడిగాడు.

"ఈ తప్పు మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దునే," అన్నాను.

వెంటనే ఫోన్ చేసి చెప్పినందుకు ఆయన నాకు థాంక్స్ చెప్పాడు.