తలుపు లేని కంచె

నిన్న మా మిల్లులో జరిగింది మీ దాకా రాలేదంటే నా అదృష్టమే. అయితే నా నోటితోనే వినేయండి. రేపు సంతలో వింటే, నేను ఆ కంచెలో సాయంత్రం దాకా ఉండిపోయానని కూడా చెబుతారు. నిజానికి ఉన్నది గంటంపావే.

పలాస స్టేషను పక్కన ధాన్యం మిల్లులో నేను గుమస్తానని మీకు తెలుసుగా. అక్కడ ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని సర్కారు నుంచి ఏ కాగితం వచ్చినా మా షావుకారుగారు విప్పను కూడా విప్పకుండా నా చేతిలో పెట్టేస్తారు. పోయిన నెల ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు దొర దగ్గర్నుంచి ఒకటి వచ్చింది. తిరిగే చక్రాలకీ బెల్టులకీ చుట్టూ కంచె ఉండాలి, నేను వచ్చేసరికి లేకపోతే ఇంజను ఆపించేస్తాను అని దాని సారాంశం.

ఇంజను ఆగితే అందరి పనీ ఆగినట్టే. అయినా రూలు కోసమని కాదు, కంచె నిజంగా కావలసిందే. మా దగ్గర ధాన్యం ఎండబోసే ఆడవాళ్ళకి గవరమ్మ పెద్ద. ఆ మధ్య ఆమె కొంగు బెల్టులో పడింది. చీర బాగా పాతది కాబట్టి సర్రున చిరిగిపోయి మనిషి దక్కింది. అందుకే షావుకారుగారితో, "ఈ పని నాకు వదిలెయ్యండి, దొర వేలెత్తి చూపించలేనంత బాగా చేయిస్తాను" అన్నాను.

నందిగాం నుంచి వడ్రంగి సింహాచలాన్ని పిలిపించాను. ఉద్దానం తోటల్లోంచి తాటిబద్దలు తెప్పించాను. చేవదేరిన బద్దలు, మేకు దిగిందంటే మళ్ళీ రాదు. ఎత్తు నా తలకంటే మూరెడు పైకి. బద్దకీ బద్దకీ మధ్య వేలు దూరకూడదన్నాను. ఎవరూ ఎక్కకుండా చివర్లు ఈటెల్లా చెక్కించాను. ఇవన్నీ నా తెలివే, ఎవరూ చెప్పలేదు.

నిన్న పదకొండింటి బండికి దొర వస్తాడనగా, పొద్దున్నే ఇంజను ఆపించి ఆఖరి వైపు కట్టిస్తున్నాం. గవరమ్మ చేట పట్టుకుని అటుగా వెళ్తూ ఆగింది.

"బాబూ, మరి తలుపేదీ? అప్పన్న లోనకెల్లి సక్రాలకి నూనె ఎలాగ పోత్తాడు?"

అప్పన్న మా మిల్లు ఇంజను డ్రైవరు.

"రూల్లో తలుపు మాట లేదు గవరమ్మా. కంచె కట్టమన్నారు, కడుతున్నాం."

"ఆ రూలు రాసినోడు ఎప్పుడైనా సక్రానికి నూనె పోసినాడేటి?" అనేసి ఆమె తన దారిన వెళ్ళిపోయింది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

సింహాచలం బయట నుంచి మేకు కొడుతుంటే బద్ద లోపలికి ఊగిపోతోంది. లోపల్నుంచి ఎవరైనా నొక్కిపట్టుకోవాలి. ఎవరో ఎందుకని నేనే వెళ్ళి నిలబడ్డాను. ఒక బద్ద అయింది, రెండోది అయింది. పదకొండింటి బండి కూత వినిపించింది. సింహాచలం ఆఖరి మేకు దిగ్గొట్టి, "దొర దిగిపోనాడు బాబూ, నానెల్తన్నాను" అన్నాడు. ఆ మనిషికి దొరలంటే హడలు. సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని పెరటి దారిన మాయమైపోయాడు.

నేను సంతోషంగా చేతులు దులుపుకుని బయటికి వెళ్దామని వెనక్కి తిరిగాను. అటూ బద్దలే. ఇటు తిరిగాను. ఇటూ బద్దలే.

అప్పుడు తట్టింది గవరమ్మ అడిగిన మాట.

ఎగిరి పైన పట్టుకుందామంటే ఈటెలు. పిలుద్దామంటే అప్పటికే షావుకారుగారి గొంతూ, బూట్ల చప్పుడూ దగ్గరికి వచ్చేశాయి. ఇలాంటి సమయంలో మనిషికి వచ్చే ఆలోచనల్లో అన్నిటికంటే తెలివితక్కువది నాకు వచ్చింది. చప్పుడు చెయ్యకుండా చక్రం పక్కన గొంతుక్కూర్చుంటే, దొర చూసి వెళ్ళిపోయాక నెమ్మదిగా బయటపడొచ్చు కదా అనుకున్నాను.

దొరకి తెలుగు వచ్చు, కాస్త పుస్తకాల తెలుగు. కంచెని రెండు చేతులతో నెట్టి చూశాడు. అది కదల్లేదు. "చాలా బాగున్నది. ఎవరు చేయించినారు?"

"మా గుమస్తా అండి. ఇక్కడే ఉండాలి, ఎటు వెళ్ళాడో" అన్నారు షావుకారుగారు. లోపల నాకు ఒకపక్క గర్వం, ఒకపక్క చెమట. అంతలో ఆయన, "అప్పన్నా, ఇంజను తిప్పవోయ్, దొరగారు చూస్తారు" అన్నారు.

నా మోకాలికీ బెల్టుకీ మధ్య జానెడు లేదు. పరువూ ప్రాణమూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

"అప్పన్నా, తిప్పకురా, నేను లోపలున్నాను" అని అరిచాను.

దొర సందులోకి కన్ను పెట్టాడు. ఆ కన్నుకి ఎదురుగా నా కన్ను.

"నీవు ఎవరు?"

"గుమస్తానండి."

"లోపల ఏమి చేయుచున్నావు?"

"తనిఖీ చేస్తున్నానండి" అన్నాను.

"ఏమి కనిపెట్టినావు?"

"తలుపు లేదండి."

ముందు నవ్వింది గవరమ్మ. తర్వాత ఎవరూ ఆగలేదు. షావుకారుగారు నవ్వకూడదని పక్కకి తిరిగారు గానీ ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి. అప్పన్న గునపం తెచ్చి బద్ద పెకలించడం మొదలెట్టాడు. తాటిబద్దంటే మాటలా? వాడు పీకుతూనే ఉన్నాడు, దొర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేదు. "తలుపు సంగతి ముందుగా ఎవరూ అడగలేదా?" అన్నాడు.

"నానడిగినాను బాబూ, రూల్లో లేదన్నారు" అంది గవరమ్మ.

దొర పుస్తకం తీసి, ఇంకా ఏమేం కావాలో ఆమెనే అడిగాడు. ధాన్యం నానబెట్టే తొట్టె దగ్గర నేల జారుతోంది, ఇసక పోయించాలంది. ఇంజను తిప్పేముందు గంట కొట్టాలని అప్పన్న గునపం ఆపి మరీ చెప్పాడు. నెల్లాళ్ళుగా పొద్దున్నే అందరినీ నిలబెట్టి జాగ్రత్తల గురించి ఉపన్యాసం ఇచ్చానే, ఒక్కరోజైనా వీళ్ళని అడగాలని నాకు తోచలేదు. బద్దల మధ్యనుంచి అన్నీ వింటూ నిలబడ్డాను. అంత శ్రద్ధగా నేను ఏ మాటా విన్నది లేదు.

మిల్లు ఆగలేదు లెండి. తలుపు పెట్టండి, ఆమె చెప్పినవి చేయించండి అని చెప్పి, దొర ఇంగ్లీషులో రిపోర్టు రాసిచ్చి వెళ్ళిపోయాడు. షావుకారుగారు అలవాటు ప్రకారం దాన్ని నా చేతిలో పెట్టి, అందరికీ తెలుగులో చదివి చెప్పమన్నారు. అప్పటికి బద్ద ఊడి నేను బయటపడి నిమిషం కాలేదు; నా జుట్టు నిండా పొట్టు, చొక్కా నిండా ఇంజను నూనె.

చదివాను. "కంచె గట్టిగా ఉన్నది. ఈ మిల్లులో ప్రమాదకరమైనవన్నీ దాని లోపలే ఉండగా స్వయంగా చూసితిని."

"అన్నీ అంటే?" అంది గవరమ్మ. "సక్రం, బెల్టు... ఇంకేటున్నాయి బాబూ లోన?"

"ఇంకొకటుంది గవరమ్మా" అన్నాను. "అది బయటికొచ్చి ఇప్పుడు మీకు రిపోర్టు చదువుతోంది."