మైనస్‌లో ముగిసిన పరుగు

ఈ రోజు మా మేనకోడలు వంద మీటర్ల పరుగు మొదలుపెట్టడానికి తొమ్మిది నిమిషాల నలభై ఆరు సెకన్ల ముందే ముగించేసింది. నా మాట కాదు, అమలాపురంలో వాళ్ల కాలేజీ కంప్యూటరు చెప్పింది.

కంప్యూటర్ మాస్టారు సొంతంగా రాసిన ప్రోగ్రాం అది. పిల్లల్ని ఒక్కొక్కరినే పరిగెత్తించి, సెకనులో వందకోట్లో వంతు దాకా చూపిస్తుంది. నొక్కేదీ ఆపేదీ మాత్రం ఆయన చూపుడువేలే. పిల్లలు ల్యాబుకి వేళకి రావాలని ఆయన ల్యాప్‌టాప్ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టి ఉంచుతాడట. సరిగ్గా మా పిల్ల పరుగు మధ్యలో నెట్ కనెక్టయ్యి, టైము తనంతట తనే సరైపోయి పది నిమిషాలు వెనక్కి వచ్చింది. ఇలాంటి కొలతల కోసమే వెనక్కి నడవని గడియారం ఒకటి కంప్యూటరు గుండెకాయలాంటి కెర్నెల్‌లో వేరే ఉంటుంది. ఏటా ఆ పాఠం చెప్పేది ఈయనే!

"డ్రిల్లు మాస్టారి స్టాప్‌వాచీలో పద్నాలుగు సెకన్లండీ. అందరికన్నా తక్కువ మా పిల్లదే కదండీ" అన్నాను.

"ఆయ్, నిజమేనండి. కానండీ, దాంట్లో నానోసెకన్లు రావండి. జిల్లా పోటీలకి పంపాలంటే కచ్చితంగా ఉండాలి కదండీ" అంటూ కంప్యూటర్ మాస్టారు జాబితాలోంచి పిల్ల పేరు కొట్టేశాడు.

చెమట తుడుచుకుంటూ పిల్ల అడిగింది: "అయితే మాస్టారూ, నేనింకా బయల్దేరలేదాండీ?"

ఆయన ల్యాప్‌టాప్ గడియారాన్ని మళ్లీ పది నిమిషాలు ముందుకు తిప్పే పనిలో పడ్డాడు. జవాబు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. దశాంశం తర్వాత తొమ్మిది అంకెలు మాత్రం తప్పనిసరి.